21 నుంచి 15కి: లెక్క మారితే షటిల్ సింగిల్స్ ఎలా ఆడాలి

మొన్న ఆదివారం మా బ్యాడ్మింటన్ కోర్టు లీగ్‌లో, గేమ్ 21కి బదులు 15 పాయింట్లకే అయిపోయే కొత్త లెక్కలో, మొదటి గేమ్ 8-15తో పోయింది. అవతలి అమ్మాయి నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నది. అయినా ఆ గేమ్ పోయింది వయసు వల్ల కాదు. ఆట మొదలవగానే నాలుగైదు పాయింట్లు అవతలివాళ్లని చదవడానికి పెట్టుకోవడం నా అలవాటు. బ్యాక్‌హ్యాండ్ మూలకి ఒకటి ఎత్తి చూస్తాను. నెట్ దగ్గర ఒకటి జార్చి ఎంత త్వరగా అందుకుంటుందో చూస్తాను. ఈలోగా ఒకటి రెండు పోతే పోనీ, తర్వాత లాక్కోవచ్చులే అనుకుంటాను. 21 పాయింట్ల ఆటలో ఇరవై ఏళ్లుగా ఈ పద్ధతే నడిచింది. మొన్న మాత్రం తలెత్తి చూసేసరికి బోర్డు మీద 2-8 ఉంది. ఇంటర్వెల్ ఇచ్చేశారు.

మా అమ్మాయి నీళ్ల సీసా చేతికిస్తూ, "ఆ అక్కకి ఇంకా ఏడు చాలమ్మా" అంది.

ఆ మాట దగ్గరే నాకు విషయం బోధపడింది. షాట్లు పాతవే, కోర్టు కొలతలు పాతవే, నెట్ ఎత్తు కూడా అదే. ఒక్కో పాయింటు ధర మాత్రం పెరిగింది. ధర పెరిగిన సరుకుని పాత చేత్తోనే ఖర్చు పెడితే నెలాఖరుకి ఏమవుతుందో ఇల్లు నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ ఖర్చు ఎలా సర్దుకోవాలన్నదాని గురించే.

మాది తెనాలి. 1990ల్లో యూనివర్సిటీ జట్టులో ఆడాను. 2003లో బెంగళూరు వచ్చాం, ఇల్లు రామమూర్తినగర్‌లో. హొరమావు వైపు ఒక రేకుల షెడ్డు కోర్టులో పొద్దున్నే ఆరు నుంచి పిల్లలకి ఆట నేర్పుతున్నాను. అందులో సగం మంది మన వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే. కన్నడ పిల్లలు నన్ను మ్యామ్ అంటారు, మనవాళ్లు ఆంటీ అంటారు. సింగిల్స్ నేను మూడు లెక్కల్లో ఆడాను. సర్వీస్ ఉంటేనే పాయింటు వచ్చే 11 పాయింట్ల ఆట, ప్రతి ర్యాలీకీ (సర్వీస్ నుంచి షటిల్ కింద పడేదాకా సాగే ఆటకి) పాయింటు వచ్చే 21, ఇప్పుడు 15. మా దగ్గర ప్రస్తుతం ఒక లీగ్ 21లోనూ, ఇంకొకటి 15లోనూ నడుపుతున్నాం.

పాత అలవాటు ఎక్కడ దాక్కుంటుంది

మీకు ఆట నేర్పినవాళ్లు నా వయసువాళ్లయితే వాళ్ల చేతిలో పాత లెక్క ఇంకా బతికే ఉంటుంది, మీ చేతికీ కొంత అంటుకునే ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి.

మా రోజుల్లో ఆడవాళ్ల సింగిల్స్ 11 పాయింట్లు, మగవాళ్లది 15. సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు వచ్చేది. సర్వీస్ చేస్తూ ర్యాలీ పోగొట్టుకుంటే స్కోరు కదలదు, సర్వీస్ అవతలికి వెళ్తుంది, అంతే. దాంతో ఒకే మనిషి రెండు రకాలుగా ఆడేది. సర్వీస్ నాదైతే ధైర్యం చేసి లైన్ల మీదకి కొట్టేదాన్ని, పోతే సర్వీసే కదా పోయేది అని. సర్వీస్ అవతలివాళ్లదైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని, షటిల్‌ని ఎత్తుగా వెనక్కి పంపుతూ వాళ్ల తప్పు కోసం కాచుకు కూర్చునేదాన్ని. సర్వీసులు అటూ ఇటూ పదిసార్లు మారేవి, స్కోరు మాత్రం 6-6 దగ్గరే కూర్చునేది.

ఆ లెక్కలో ఓపిక ఉన్నవాళ్లదే రాజ్యం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో ఇండోనేషియా సూసీ సుసాంతి మొదటి గేమ్ 5-11తో పోగొట్టుకుని, తర్వాత 11-5, 11-3తో గెలిచింది. 1997 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో డెన్మార్క్ పీటర్ రాస్‌ముసెన్‌కి చైనా సున్ జున్‌ని ఓడించడానికి 124 నిమిషాలు పట్టింది. స్కోరు 16-17, 18-13, 15-10. మా పిల్లలు ఈ 17లూ 18లూ చూసి తికమకపడతారు. 2001లో మన గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టోర్నీ సెమీస్‌లో డెన్మార్క్ పీటర్ గేడ్‌ని 17-14, 17-15తో ఓడించాడని చెప్తే, "15కే అయిపోవాలి కదా ఆంటీ" అంటారు. చివర్లో స్కోరు సమమైతే ఆటను పొడిగించుకునే వీలుండేది, దాన్ని సెట్టింగ్ అనేవాళ్లం. 14-14 దగ్గర అయితే ఇంకో మూడు పాయింట్లు, అంటే 17 దాకా. ఫైనల్లో చైనా చెన్ హాంగ్ మీద అంత దూరం పోలేదు, 15-12, 15-6తో ముగించాడు.

2006లో ఆ ఆట ముగిసింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే లెక్క: ఎవరు సర్వీస్ చేసినా ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింటు, గేముకి 21, మూడింట్లో రెండు గెలవాలి. 20-20 అయితే రెండు పాయింట్ల తేడా కావాలి, 29-29 దాకా పోతే 30వ పాయింటుతో ఆట అయిపోతుంది. 11 దగ్గర 60 సెకన్లు, గేముకీ గేముకీ మధ్య 120 సెకన్లు విరామం.

ఆ ఏడాది నేను ఏడాది పిల్లని మా అత్తగారికి అప్పగించి మళ్లీ కోర్టులో దిగాను. సర్వీస్ నాదైనప్పుడల్లా లైను మీదకి కొడుతూనే ఉన్నాను. బయటికి పోయిన ప్రతిదానికీ అవతల పాయింటు పడుతోంది. ఈ సంగతి బుర్రకి వెంటనే ఎక్కింది కానీ, చేతికి ఎక్కడానికి ఏడాది పట్టింది. కొత్త లెక్కకి మారేవాళ్లు ఈ ఏడాదిని మిగుల్చుకోవాలనే ఇదంతా చెప్పడం. మీ ఆటలో ఈ జబ్బు ఉందో లేదో తెలియాలంటే, సర్వీస్ చేసినప్పుడు పోయిన తప్పులు, అందుకున్నప్పుడు పోయిన తప్పులు ఒక వారం విడివిడిగా లెక్కపెట్టండి. మొదటివి బాగా ఎక్కువుంటే పాత లెక్క మీ చేతిలో ఉన్నట్టే.

15 అంటే ఎంత తక్కువ

21ని కూడా మార్చాలని చాలాకాలంగా అనుకుంటున్నారు. 11 పాయింట్ల చొప్పున అయిదు గేములు ఆడాలన్న ప్రతిపాదన 2018లో ఒకసారి, 2021లో ఒకసారి ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్యలో ఓటింగుకి వచ్చింది. రెండుసార్లూ మూడింట రెండొంతుల ఓట్లు రాక వీగిపోయింది. 2025లో 15 పాయింట్లు, మూడు గేముల పద్ధతిని టోర్నీల్లో ఆడించి చూడటం మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో గువాహటిలో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ వ్యక్తిగత పోటీలు ఈ లెక్కలోనే జరిగాయి. మన తన్వీ శర్మ ఫైనల్లో 7-15, 12-15తో ఓడి వెండి పతకం తెచ్చింది.

ఇందులో ఇంటర్వెల్ 8 దగ్గర. 14-14 అయితే రెండు పాయింట్ల తేడా కావాలి. 20-20 దాకా పోతే తర్వాతి పాయింటుతో ఆఖరు, 21 దాటదు. మూడో గేములో 8 దగ్గరే వైపులు మారతారు. సర్వీస్ చేసేవాళ్ల స్కోరు సరిసంఖ్య అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి, ఈ నియమం మారలేదు.

21లో ఒక తప్పు గేములో ఇరవై ఒకటో వంతు. 15లో పదిహేనో వంతు. అంటే అదే తప్పు బరువు నలభై శాతం పెరిగింది. దీన్ని పిల్లలకి ఇంకోలా చెప్తాను. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ గుర్తుందా? సింధు, జపాన్ ఒకుహారా 110 నిమిషాలు ఆడారు, 19-21, 22-20, 20-22తో సింధు ఓడింది. రెండో గేమ్ చివర్లో ఒక్క ర్యాలీలోనే 73 షాట్లు. ఆ మ్యాచ్ మొత్తంలో ఆడిన పాయింట్లు కూడితే 124. కొత్త లెక్కలో మూడు గేములూ 21-20 దాకా లాగినా 123కి మించవు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అలాంటి మ్యాచ్‌కి చోటు తగ్గుతుందన్న బాధ నాకుంది. అయినా పిల్లల్ని పెట్టిన లెక్కలో ఆడించడమే నా పని.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. కంప్యూటర్లో ఒక లెక్క వేసి చూపించింది. వంద ర్యాలీల్లో 55 గెలిచే సత్తా ఉన్న ప్లేయర్, ప్రతి ర్యాలీలోనూ అదే సత్తా చూపిస్తే, 21 పాయింట్ల మ్యాచులు వందకి సుమారు 84 గెలుస్తుంది. 15 పాయింట్లవి సుమారు 80. నాలుగే తేడా, ఏముందిలే అనిపిస్తుంది. బలమైనవాళ్ల వైపు నుంచి చూస్తే ఓడే మ్యాచులు 16 నుంచి 20 అయ్యాయి. బలహీనుల వైపు నుంచి చూస్తే తలుపు ఇంకాస్త తెరుచుకుంది. మీరు ఏ వైపున్నారో ముందు ఒప్పుకోండి. ఎదుటివాళ్లకంటే బలమైనవాళ్లయితే మీ పని వృథా తగ్గించడం. బలహీనులైతే మొదటి ఎనిమిది పాయింట్లలోనే దాడికి దిగడం, 21లోలా వాళ్లు అలిసేదాకా ఆగితే వాళ్లు అలవకముందే గేమ్ అయిపోతుంది.

టాస్‌కి ముందే చెమట పట్టాలి

డిసెంబరులో బెంగళూరు పొద్దుటి చలికి రేకుల షెడ్డులో ఒళ్లు వేడెక్కడానికి టైము పడుతుంది. 21లో మొదటి అయిదు పాయింట్లు ఆడుతూ వేడెక్కడం చెల్లింది. 15లో ఆ అయిదు పాయింట్లంటే గేములో మూడో వంతు.

అందుకని కోర్టులోకి పిలవడానికి పావుగంట ముందు పక్కన నిలబడి తాడాట మూడు వందలు, తర్వాత షటిల్ లేకుండా ఆరు మూలలకీ కాళ్లు కదపడం మూడు విడతలు, విడతకి ముప్పై సెకన్లు. చివర్లో మణికట్టు, భుజం. నుదుటి మీద చెమట కనిపిస్తేనే టాస్‌కి వెళ్లనిస్తాను. "మేకప్ పోతుంది ఆంటీ" అన్న పిల్లకి కూడా ఇదే రూలు.

అవతలివాళ్లని చదవడం మానక్కర్లేదు, చదివే చోటు మార్చాలి. వాళ్ల ముందు మ్యాచ్ జరుగుతుంటే ఫోను పక్కన పెట్టి కూర్చోండి. ఆటకి ముందు ఇచ్చే రెండు నిమిషాల ప్రాక్టీసులో బ్యాక్‌హ్యాండ్ మూలకి రెండు క్లియర్లు (ఎత్తుగా వెనక లైను దాకా పోయే షాట్లు) పంపండి. తల మీదుగా ఫోర్‌హ్యాండ్‌తో కొడితే కాళ్లు బాగున్నట్టు, తిరిగి బ్యాక్‌హ్యాండ్‌తో కొడితే అది ఎంత దూరం పోతుందో చూడండి. సగం కోర్టులోనే పడిందా, మీ మొదటి నాలుగు పాయింట్లు ఎక్కడికి ఆడాలో తెలిసిపోయింది. స్మాష్ (పైనుంచి కిందకి బలంగా కొట్టే షాట్) కొట్టాక రాకెట్ కిందకి వేలాడుతుందా అన్నది కూడా గమనించండి. వేలాడేవాళ్లకి స్మాష్ తర్వాత నెట్ దగ్గర చిన్నగా వదిలితే ఆలస్యంగా వస్తారు.

మొదటి నాలుగు పాయింట్లకి రెండే రెండు దారులు ముందుగానే అనుకుని దిగండి. నా మట్టుకు నాకు: పొట్టి సర్వీస్, తర్వాత వచ్చినదాన్ని బ్యాక్‌హ్యాండ్ మూలకి తొయ్యడం ఒకటి. ఎత్తు సర్వీస్, తర్వాత ముందుకి డ్రాప్, అంటే నెట్ దగ్గర పడేలా మెల్లగా వదలడం, ఇంకొకటి. కొత్త షాట్లు, నిన్న యూట్యూబులో చూసినవి ఈ నాలుగింట్లో వద్దు.

సర్వీస్ సంగతి

సర్వీస్ పోగొట్టడమంటే ఇప్పుడు నేరుగా పాయింటు ఇచ్చేయడం. ఒక గేములో రెండు సర్వీసులు నెట్‌లోకో బయటికో పోతే 15లో రెండు పోయాయి, ర్యాలీ అయినా ఆడకుండానే. పైగా బ్యాడ్మింటన్‌లో సర్వీస్ కింది నుంచి పైకి కొట్టాలి కాబట్టి టెన్నిస్‌లోలా దాంతో పాయింట్లు రాబట్టలేం. శుభ్రంగా ఆట మొదలుపెట్టడమే దాని పని.

దీనికి నేను చేయించేది ఇది. నెట్ మీద, అంచుకి ఒక జానెడు ఎత్తులో దారం కట్టిస్తాను. అవతల పొట్టి సర్వీస్ గీత మధ్య గీతని కలిసే చోట ఖాళీ షటిల్ డబ్బా నిలబెడతాను. కుడి నుంచి ముప్పై, ఎడమ నుంచి ముప్పై. దారానికీ నెట్‌కీ మధ్య నుంచి వెళ్లి డబ్బా పక్కన పడితేనే లెక్క. ముప్పైకి ఇరవై నాలుగు వచ్చేదాకా ఆ పిల్ల ఆటకి రాదు. మొదట్లో ఏడుపు మొహాలు పెడతారు, మూడో వారానికి డబ్బాని పడగొట్టే పందేలు వేసుకుంటారు. పొడుగు పిల్లలకి ఇంకో జాగ్రత్త ఉంది. 2018 నుంచి అంతర్జాతీయ ఆటలో సర్వీస్ కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. మా షెడ్డు ఇనుప స్తంభానికి ఆ ఎత్తులో ఎర్ర టేపు అంటించాం. దాని పక్కన నిలబడి సర్వీస్ చేస్తే ఎవరిది పైకి పోతోందో ఇట్టే తెలిసిపోతుంది.

లైనుకి అడుగు లోపల

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ. పేజీని నిలువునా రెండు చేసి, ఎడమ పక్క "నేను ఇచ్చినవి" అనీ, కుడి పక్క "వాళ్లు తీసుకున్నవి" అనీ రాస్తాను. షటిల్ బయటికి కొట్టినా, నెట్‌లో వేసినా, సర్వీస్ పోయినా ఎడమ పక్క గీత పడుతుంది. అవతలివాళ్లు బాగా ఆడి గెలిస్తే కుడి పక్క.

పోయిన నెల పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు 9-15తో ఓడి కోర్టు నుంచి వచ్చాడు. "వాడు చాలా బాగా ఆడాడు ఆంటీ" అన్నాడు. పేజీ చూపించాను. ఎడమ పక్క పదకొండు గీతలు, కుడి పక్క నాలుగు. ఆ పదకొండులో ఏడు స్మాషులు, అన్నీ పక్క లైనుకి నాలుగు వేళ్ల అవతల పడ్డవే. కొట్టుడులో లోపం లేదు, చేతిలో బలం ఉంది. అక్కడికి కొట్టాల్సిన పనే లేదు. వాడు కాసేపు పేజీ వైపే చూసి, పెన్ను తీసుకుని ఆ ఏడు గీతల చుట్టూ తనే సున్నా చుట్టాడు.

మర్నాడు పక్క లైనుకి అడుగు లోపల, వెనక లైనుకి అడుగు లోపల తెల్ల టేపు వేయించాను. రెండు వారాలు వాడికి ఆ చిన్న కోర్టే కోర్టు. అడుగు లోపలికి పడిన స్మాష్‌ని అవతలివాడు ఇంకాస్త ఎక్కువగా అందుకుంటాడు, నిజమే. అందుకున్నా ర్యాలీ బతికే ఉంటుంది, పాయింటు ఇంకా ఎవరిదీ కాదు. 15లో ఎడమ పక్క గీతలు నాలుగు దాటకూడదన్నది నేను పెట్టిన హద్దు. 21 ఆడేటప్పుడు ఆరు దాకా ఊరుకుంటాను.

లైను మీదకి కొట్టే సందర్భాలు అసలు లేవా అంటే ఉన్నాయి. మీరు బాగా వెనకబడి, మామూలు ఆటతో ర్యాలీలు రావడం లేదనుకోండి, అప్పుడు తెగించాలి. ముందంజలో ఉన్నవాళ్లు మాత్రం ఆ పని చేయొద్దు.

వరుసగా మూడు పోతే

21లో 5-11తో ఇంటర్వెల్‌కి వెళ్తే అవతలివాళ్లకి ఇంకా పది కావాలి. పదింటిలో తేరుకోవచ్చు. 15లో 3-8తో వెళ్తే ఏడు చాలు. అందుకని ఇంటర్వెల్ దాకా ఆగకండి. వరుసగా మూడు పాయింట్లు పోయాయంటే ఏదో ఒకటి మార్చాల్సిందే, స్కోరు ఎంతున్నా సరే. పొట్టి సర్వీస్ చేస్తున్నారా, ఎత్తుగా వెనక్కి వెయ్యండి. వేగంగా ఆడుతున్నారా, తర్వాతి రెండు ర్యాలీలు వెనక్కి ఎత్తుగా క్లియర్లు కొట్టి ఆట వేగం తగ్గించండి. షటిల్ ఈకలు విరిగి ఉంటే మార్చమని అడగండి. చెమట తుడుచుకోవడానికి అంపైర్‌ని అడిగే వెళ్లండి. ఆట ఆగకుండా సాగాలన్నది నియమం, కావాలని ఆలస్యం చేస్తే హెచ్చరిక పడుతుంది. జోళ్ల తాడు ఊరికే విప్పి కట్టే పిల్లల్ని నేను ఊరుకోను.

ఇక ఆ 60 సెకన్లు. పక్కన ఉండే తల్లిదండ్రులకి చెప్తున్నాను, దయచేసి ఒక్క మాటే చెప్పండి. "కాళ్లు కదుపు, గట్టిగా కొట్టు, భయపడకు, నెట్ దగ్గరికి రా, నిన్న చెప్పాను కదా" అని గుక్క తిప్పుకోకుండా చెప్తే పిల్ల చెవిలో హోరు తప్ప ఏమీ మిగలదు. మొన్న నా ఇంటర్వెల్‌లో మా అమ్మాయి ఏడు పాయింట్ల సంగతి చెప్పాక ఇంకొక్కటే అంది: "ఫోర్‌హ్యాండ్ మూల నుంచి ఆ అక్క ఎప్పుడూ అడ్డంగానే కొడుతోంది, నిటారుగా కొట్టడం లేదు." నేను నీళ్లు తాగి, ఆ ఒక్క విషయం పట్టుకుని వెళ్లాను. ఆ గేమ్ దక్కలేదు. ఆ మూలకి పంపిన ప్రతిసారీ ముందే అడ్డం వైపుకి ఒక అడుగు వేసి ఉంచితే, రెండో గేమ్ 15-11తో వచ్చింది.

ఏ వైపు ఎంచుకోవాలి

టాస్ గెలిస్తే సర్వీస్ అడగాలా, వైపు అడగాలా? బెంగళూరు షెడ్డు కోర్టుల్లో అయితే వైపే అడగండి. మా దగ్గర గేటు తూర్పున ఉంది, పైన పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. గేటు వైపు నుంచి కొడితే గాలి షటిల్‌ని జానెడు ఎక్కువే తోస్తుంది, క్లియర్లు బయటికి పోతాయి. అది కష్టమైన వైపు.

మూడో గేమ్ మళ్లీ మొదటి గేమ్ ఆడిన వైపు నుంచే మొదలవుతుంది, మధ్యలో మారుతుంది. మొదట కష్టమైన వైపు తీసుకుంటే ఆఖరి పాయింట్లు మంచి వైపు నుంచి ఆడొచ్చు. 21లో నేను ఎప్పుడూ అలాగే చేసేదాన్ని. 15లో కూడా అదే చేస్తున్నాను కానీ, ఒక షరతు మీద: మొదటి గేమ్‌లో క్లియర్లన్నీ రెండడుగులు తగ్గించి కొట్టే ఓపిక ఉండాలి. మొదటి పాయింట్లలోనే బెదిరిపోయే పిల్లలకి ముందు మంచి వైపే ఇప్పిస్తాను. చేతిలో ఒక గేమ్ ఉంటే వాళ్ల ఆట వేరు.

మొన్న మూడో గేములో గేటు వైపు నుంచి 6-8తో మారాను. మారాక 14-14 దాకా వచ్చింది. అక్కడ ఇద్దరం భయపడ్డాం, నా గుండె చప్పుడు నాకే వినిపించింది. సర్వీస్ నాది, స్కోరు సరిసంఖ్య, కుడి నుంచి. డబ్బా పక్కన ముప్పై సార్లు వేసే పొట్టి సర్వీసే వేశాను. ఆమె ఎత్తింది, నేను ఫోర్‌హ్యాండ్ మూలకి పంపాను, అడ్డంగా వచ్చింది, నేను అక్కడే ఉన్నాను. 15-14. తర్వాతిది ఆమె లైనుకి కొట్టింది, నాలుగు వేళ్లు బయట పడింది. 16-14.

ఆ చివరి పాయింట్ల భయానికి మందు ప్రాక్టీసులోనే ఉంది. రోజూ ఆట ముగించే ముందు, కాళ్లు లాగేస్తున్నప్పుడు, 12-12 నుంచి మొదలుపెట్టి నాలుగు చిన్న గేములు ఆడించండి. వారంలో రెండు రోజులు ఒకరికి 5, ఇంకొకరికి 10 ఇచ్చి మొదలుపెట్టించండి, వెనకబడినవాళ్లు ఎలా తెగించాలో, ముందున్నవాళ్లు ఎలా నిలుపుకోవాలో ఇద్దరికీ ఒకేసారి అలవాటవుతుంది. రోజంతా 0-0 నుంచి ఆడే పిల్లలు 14-14ని నెలకి రెండుసార్లు చూస్తారేమో. ఇలా ఆడితే రోజూ చూస్తారు.

ఇంకొక్కటి, ఇది టోర్నీలకి వెళ్లేవాళ్లకి. పోయిన వేసవిలో ఒక చిన్న టోర్నీలో మా కోర్టు పిల్ల 8-5తో ముందుంది. 15 పాయింట్ల ఆట, ఇంటర్వెల్ ఇవ్వాలి. స్కోరు చెప్పే పెద్దమనిషి 21 అలవాటులో 11 దాకా ఆపలేదు. పిల్ల నీళ్లకోసం నా వైపు చూస్తూనే మూడు పాయింట్లు పోగొట్టుకుంది. అడగడానికి మొహమాటపడింది. అందుకని టాస్ దగ్గరే, రాకెట్ చేతిలో పట్టుకునే ముందు అడిగేయండి: గేమ్ ఎంతకి, ఇంటర్వెల్ ఎక్కడ, ఎక్కడ సమమైతే రెండు తేడా, ఎక్కడ ఆఖరు. ఇప్పుడు మా పిల్లలందరి కిట్ బ్యాగ్ మూత లోపల రెండు వరుసలు బాల్‌పెన్నుతో రాసి ఉంటాయి. పై వరుసలో 21, 11, 20, 30. కింద 15, 8, 14, 21. ఆ రోజు ఏది ఆడుతుంటే దాని కింద టాస్ అయ్యాక గీత గీస్తారు.